పాతబడని వెల: డిజిటల్ అంగడిలో వీడియో గేమ్, తెలుగు ఈ-పుస్తకం

వ్యాససంగ్రహం:
వయసు పెరిగేకొద్దీ వెల తగ్గడం ముద్రిత పుస్తకం విషయంలోనూ, గేమ్ డిస్కు విషయంలోనూ అందరికీ అలవాటైన సంగతి. డిజిటల్ అంగడిలో ఆ తగ్గుదల అరుదు. కొనుగోలుదారు చేతిలోని పాత ప్రతి ప్రచురణకర్తకు పోటీగా నిలిచే స్థితి తొలగిపోవడమే దీనికి ప్రధాన కారణమని ఈ వ్యాసం వాదిస్తుంది. వీడియో గేమ్ వాణిజ్యంలో స్పష్టంగా కనిపించే ఈ మార్పు తెలుగు ఈ-పుస్తకాన్నీ, తెలుగు పరిశోధననూ ఏ విధంగా తాకుతున్నదో పరిశీలిస్తుంది.

కీలకపదాలు: వెల, రాయితీ, పాత ప్రతి, వీడియో గేమ్, ఈ-పుస్తకం, కాపీరైట్, పాఠాంతరం.

ఉపోద్ఘాతం:
సికింద్రాబాదు శివారులోని ఏ.ఎస్. రావు నగర్ ఒక కర్మాగారం నీడలో పెరిగిన కాలనీ. 1967లో ఏర్పడిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా లిమిటెడ్ (ఈసీఐఎల్) వ్యవస్థాపకుడు అయ్యగారి సాంబశివరావు పేరే ఆ కాలనీ పేరు. ఈసీ టీవీలు, తొలితరం దేశీయ కంప్యూటర్లు తయారైన సంస్థ అది. ఎలక్ట్రానిక్ వస్తువు ఎంత త్వరగా పాతబడుతుందో, పాతబడేకొద్దీ దాని వెల ఎలా పడిపోతుందో అటువంటి చోట ఎవరూ ఎవరికీ నేర్పనక్కరలేదు. జీతం కూడబెట్టి కొన్న టీవీ కొన్నేళ్లకు మరమ్మతు దుకాణంలో విడిభాగాల లెక్కకు దిగుతుంది. నిన్నటి కంప్యూటర్ రేపటికి సగం వెలకు కూడా అమ్ముడుపోదు.

ఆ కంప్యూటర్లో ఆడే ఆట మాత్రం ఈ సూత్రానికి లొంగడం లేదు. ‘కాల్ ఆఫ్ డ్యూటీ: బ్లాక్ ఆప్స్ 2’ 2012లో విడుదలైంది. దానిని ఆడడానికి నాడు కొన్న యంత్రాలు చాలావరకు తుక్కుగా మారిపోయిన తర్వాత కూడా స్టీమ్ అంగడిలో దాని మూలవెల 59.99 డాలర్లుగానే కొనసాగింది. నింటెండో సంస్థ 2017లో తెచ్చిన ‘మేరియో కార్ట్ 8 డీలక్స్’ కూడా ఏళ్ల తరబడి విడుదలనాటి వెలకే అమ్ముడైంది. యంత్రం ముసలిదవుతుండగా అందులోని ఆట నిత్యయవ్వనంతో ఉండిపోవడం వింతగా తోచవచ్చు.

ఇది తెలుగు పరిశోధన పరిధిలోకి ఎలా వస్తుందన్న సందేహం సహజం. దానికి చట్టంలోనే ఒక సమాధానం ఉంది. 1957 నాటి భారత కాపీరైట్ చట్టంలోని 2(ఓ) నిర్వచనం ప్రకారం కంప్యూటర్ ప్రోగ్రామ్ ‘సాహిత్య కృతి’లో భాగమే. అంటే చట్టం దృష్టిలో ఒక గేమ్ వెనుక ఉన్న ప్రోగ్రామ్‌దీ, ఒక నవలదీ ఒకే పంక్తి. ఈ పంక్తిభోజనాన్ని సాహిత్య విమర్శ ఇంతవరకు పెద్దగా పట్టించుకోలేదు. పైగా నవల కూడా ఇప్పుడు గేమ్ అమ్ముడుపోయే తరహా అంగడిలోకే చేరుతున్నది. గేమ్‌కు జరిగినదే పుస్తకానికీ జరుగుతున్నదా అన్నది ఇక్కడి ప్రశ్న.

రాయితీ, వెల తగ్గుదల:
డిజిటల్ అంగళ్లలో రాయితీలే ఉండవనడం సరికాదు. స్టీమ్‌లో వేసవి అమ్మకం, శీతాకాలపు అమ్మకం పేరుతో ఏటా వచ్చే పండుగలు ఆటగాళ్లందరికీ తెలిసినవే. అక్కడ సగానికి సగం, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ తగ్గింపు దొరుకుతుంది. అయితే రాయితీ వేరు, వెల తగ్గుదల వేరు. రాయితీ తిథిని అనుసరించి వస్తుంది, తిథి దాటగానే పోతుంది. దాని కింద మూలవెల చెక్కుచెదరదు. చెదరకుండా ఉండడమే దానికి అవసరం కూడా. తెర మీద కొట్టివేసిన పెద్ద అంకె, పక్కన కొత్త చిన్న అంకె, వాటి నడుమ శాతం గుర్తు కనిపిస్తాయి. కొట్టివేయడానికి పెద్ద అంకె లేకపోతే శాతానికి అర్థం లేదు. పన్నెండేళ్ల నాటి ఆటకు నేటికీ పూర్తి వెల రాసి ఉంచడంలో, ఎప్పుడో ఒకనాడు దానిని కొట్టివేసి చూపవచ్చునన్న లెక్క కూడా ఉంటుంది.

ఫ్రెంచి విమర్శకుడు జెరార్ జెనెట్ గ్రంథశరీరం చుట్టూ ఉండే శీర్షిక, పీఠిక, అట్ట, ప్రకటన వంటి వాటిని కలిపి 1987లో ఒక విశ్లేషణ విభాగంగా ప్రతిపాదించాడు. పాఠకుడు కృతిలోకి ప్రవేశించే గడప వంటివవి. ఆ గడప మీది రాతల్లో వెలను కూడా చేర్చి చదవవలసి ఉంది. పాత తెలుగు పుస్తకాల మీద రూపాయలు, అణాలు, పైసలుగా అచ్చయిన వెల పుస్తకం పుట్టిన కాలాన్ని చెబుతుంది. పాత అచ్చు మీద అంటించిన కొత్త వెల చీటీ, ఆ పుస్తకం ఎంతకాలం గోదాములో నిద్రించిందో చెబుతుంది. డిజిటల్ అంగడిలో వెల ఏ కాలాన్నీ చెప్పదు. అది ఈ క్షణంలో పుట్టి, ఈ క్షణంలోనే మారగల అంకె. కాలముద్ర లేని గడప అది.

మూలవెలను కాపాడుకోవడానికి ఆర్థికశాస్త్రం చూపే కారణం ఒకటుంది. మన్నే వస్తువును ఒక్కడే అమ్ముతున్నప్పుడు అతనికి ఎదురయ్యే పోటీదారు రేపటి తానేనని రొనాల్డ్ కోస్ 1972లో ఒక చిన్న వ్యాసంలో చూపాడు. రేపు వెల తగ్గుతుందని కొనుగోలుదారుకు తెలిస్తే నేడు కొనడు. నేడు కొనకపోతే అమ్మకందారు నేడే తగ్గించవలసి వస్తుంది. దీనినుంచి బయటపడే మార్గాలలో ఒకటి, ఎంతకాలం గడిచినా తగ్గించబోనని నమ్మించడం. నింటెండో ధోరణిలో కనిపించేది ఇదే. ఆ సంస్థ ఆటను విడుదలనాడు కొన్నవాడు రెండేళ్ల తర్వాత మోసపోయినట్లు భావించే సందర్భం అరుదు. ఎదురుచూసినందుకు ఫలితం దక్కదని తెలిసిన తర్వాత ఎదురుచూసేవాడు ఉండడు. ఈ విధానంలో మొదటి కొనుగోలుదారు పట్ల ఒక మర్యాద ఉన్నమాట నిజమే. ఆ మర్యాదకు మూల్యం చెల్లించేది మాత్రం ఆలస్యంగా వచ్చిన పేదవాడు.

ఇందుకు తలకిందులైన ఉదాహరణ ‘అలన్ వేక్’. ఆ ఆటలో వాడుకున్న పాటల అనుమతుల గడువు ముగియడంతో 2017 మే నెలలో దానిని డిజిటల్ అంగళ్లనుంచి తొలగించారు. తొలగించే ముందు 90 శాతం తగ్గింపుతో అమ్మారు. అనుమతులు మళ్లీ కుదిరి 2018లో అది తిరిగివచ్చింది. ముద్రిత పుస్తకం వెల మెల్లగా తగ్గుతూ పోతుంది. ఈ ఆట వెల చివరిదాకా నిలబడి, కనుమరుగయ్యే వేళ ఒక్కసారిగా కూలింది.

పోటీగా నిలిచిన పాత ప్రతి:
కోఠిలో పాత పాఠ్యపుస్తకాల దుకాణాలు, ఆబిడ్స్‌లో ఆదివారం కాలిబాట మీద పరిచే పుస్తకాలు, విజయవాడ లెనిన్ సెంటర్లోని పాత పుస్తకాల అంగళ్లు తెలుగునాట పరిశోధన చేసిన చాలామందికి అనధికార గ్రంథాలయాలు. ఎందరో ఆచార్యుల సొంత గ్రంథసంచయాల పునాది అక్కడే పడింది. అక్కడ వెలను నిర్ణయించేది ప్రచురణకర్త కాదు. ఒకరి అటక మీంచి దిగిన ప్రతి, మరొకరి బేరంతో చేతులు మారుతుంది. అట్ట చినిగితే ఒక వెల, లోపల ఎవరి సంతకమో ఉంటే ఇంకో వెల. పాత ‘చందమామ’ బైండు సంపుటాల వంటివి వయసుతోపాటు వెల పెంచుకున్న సందర్భాలూ లేకపోలేదు. పైకో కిందికో వెలకు కదలిక ఉండేది. ఆ కదలిక ప్రచురణకర్త చేతిలో లేకపోవడం అసలు విషయం.

వీడియో గేమ్‌కూ అటువంటి బాల్యం ఉంది. 1990ల దశకంలో మన పట్టణాల ఇళ్లలో టీవీకి తగిలించి ఆడిన గేమ్ క్యాసెట్లు పిల్లల మధ్య చేతులు మారాయి. ఒకరి ‘కాంట్రా’ ఇంకొకరి ‘మేరియో’కు బదులుగా వెళ్లేది. తర్వాత వచ్చిన డిస్కులకూ అదే గతి. వాడిన డిస్కు మార్కెట్లో సగం వెలకు దొరుకుతున్నంతకాలం కొత్త డిస్కు వెలను ప్రచురణకర్త దించక తప్పలేదు. దుకాణదారుకు అరల్లో చోటు కావాలి, అమ్ముడుపోని సరుకు వదిలించుకోవాలి. డిజిటల్ అంగడిలో అర లేదు, గోదాము లేదు, వాడిన ప్రతి అసలే లేదు. ప్రచురణకర్తను తొందరపెట్టిన మూడు ఒత్తిళ్లూ ఒకేసారి తొలగిపోయాయి. ధర తగ్గకపోవడాన్ని అత్యాశగా వర్ణించే విమర్శ ఈ మూడింటినీ చూడదు. అచ్చుయుగపు ప్రచురణకర్తకు కూడా ఆశ తక్కువేమీ కాదు, దానికి ఎదురు నిలిచే శక్తి ఒకటి అప్పట్లో ఉండేది, అంతే తేడా.

చట్టం ఈ విషయంలో ఆసక్తికరంగా చీలిపోయింది. భారత కాపీరైట్ చట్టం 14వ సెక్షను సాహిత్య కృతి ప్రతులను ప్రజలకు జారీచేసే హక్కును హక్కుదారుకు ఇస్తూనే, అప్పటికే చెలామణిలో ఉన్న ప్రతులను దానినుంచి మినహాయించింది. ఆబిడ్స్ కాలిబాట వ్యాపారికి చట్టబద్ధమైన ఆధారం ఆ మినహాయింపే. అదే సెక్షను కంప్యూటర్ ప్రోగ్రామ్ దగ్గరకు వచ్చేసరికి ప్రతిని అమ్మడం, వాణిజ్యపరంగా అద్దెకివ్వడం అనే హక్కులను ప్రత్యేకంగా పేర్కొంటుంది. ఒకే పంక్తిలో కూర్చోబెట్టి వడ్డన మాత్రం వేరుగా చేసిందన్నమాట. యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం తీర్పుల్లో వడ్డన తారుమారైంది. 2012 నాటి యూజ్డ్‌సాఫ్ట్ తీర్పు డౌన్‌లోడ్ చేసుకున్న సాఫ్ట్‌వేర్ లైసెన్సును తిరిగి అమ్ముకోవచ్చునన్నది. 2019 నాటి టామ్ కాబినెట్ తీర్పు ఈ-పుస్తకానికి ఆ వెసులుబాటును నిరాకరించింది. స్టీమ్ ఆటలను తిరిగి అమ్ముకునే హక్కు విషయమై ఫ్రాన్సులో ఒక వినియోగదారుల సంఘం 2019లో గెలిచి, 2022లో పైకోర్టులో ఓడిపోయింది. దేశానికొక తీరున ఉన్నా, డిజిటల్ ప్రతి చేతులు మారే దారి ఆచరణలో ఎక్కడా సాఫీగా తెరుచుకోలేదు.

‘కొను’ అనే మీట కింద ఉన్నది నిజానికి అనుమతిపత్రం. ఈ సంగతిని కొనుగోలుదారుకు స్పష్టంగా చెప్పాలంటూ అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం చేసిన చట్టం 2025 జనవరి నుంచి అమలులోకి వచ్చింది. చెప్పవలసిన అవసరం ఎందుకు కలిగిందో తెలియడానికి 2024 మార్చి 31న సర్వర్లు ఆగిపోయిన ‘ది క్రూ’ అనే ఆట చాలు. డబ్బు చెల్లించి కొన్నవారికి కూడా ఆనాటినుంచి అది ఆడరాని ఆట అయింది. పుస్తకరంగంలో దీనికి పూర్వరంగం 2009లోనే నడిచింది. హక్కుల వివాదం తలెత్తి, అప్పటికే అమ్ముడుపోయిన ఒక ప్రచురణను అమెజాన్ పాఠకుల కిండిల్ యంత్రాల్లోంచి తొలగించింది. ఆ పుస్తకం జార్జ్ ఆర్వెల్ ‘1984’ కావడం కల్పన అయితే ఎవరూ నమ్మేవారు కాదు.

ఫారాల లెక్కకు చిక్కిన ఈ-పుస్తకం:
తెలుగు ప్రచురణలో వెలను నిర్ణయించేది ప్రధానంగా ఫారాల లెక్క. ఎన్ని ఫారాలు, ఏ కాగితం, ఎన్ని ప్రతులు, పంపిణీదారుకు ఎంత కమీషను అన్న నాలుగు అంకెలు తేలితే వెల తేలుతుంది. కథల సంపుటి వెల కథలను బట్టి కాక పుటలను బట్టి ఉండడం మన రచయితలకు పాత బాధే. 2010లో మొదలైన కినిగె వంటి వేదికల్లో తెలుగు ఈ-పుస్తకం అంగడికి వచ్చినప్పుడు దాని వెల ముద్రిత ప్రతి వెల కంటే తక్కువగా ఉంది, అద్దెకు తీసుకుంటే ఇంకా తక్కువ. ఇది మెచ్చుకోదగినదే. అయితే ఆ తగ్గుదల వయసు వల్ల కలిగినది కాదు. ముద్రిత వెలలోంచి కొంత మినహాయించి తొలినాడే నిర్ణయించినది. కాగితం లేని పుస్తకానికి కాగితం బరువును బట్టి వెల కట్టడం ఇందులోని విచిత్రం. గేమ్ మూలవెల కనీసం విడుదలనాటి ఆకర్షణను గుర్తుచేస్తుంది. ఈ-పుస్తకం మూలవెల లేని ఫారాలను గుర్తుచేస్తుంది.

విజయవాడ, హైదరాబాదు పుస్తక ప్రదర్శనల్లో దొరికే తగ్గింపు స్టీమ్ పండుగను పోలినదే. ప్రదర్శన ముగిసేదాకా తగ్గింపు ఉంటుంది, ఆపైన మామూలు వెల. కానీ ప్రదర్శన చివరిరోజున దుకాణదారు ముఖంలో కనిపించే ఆత్రం తెర మీది అంగడికి ఉండదు. మిగిలిన కట్టలను మళ్లీ లారీకి ఎక్కించాలన్న చింత అతనిది. ఆ చింతలోంచే పాఠకుడికి అదనపు తగ్గింపు పుడుతుంది.

ఇక్కడ రచయితల పక్షాన ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. పాత పుస్తకాల అంగడిలో ఎన్నిసార్లు చేతులు మారినా రచయితకు పైసా రాదు. ఈ-పుస్తకం అమ్ముడైన ప్రతిసారీ, ఒప్పందం సరిగా ఉంటే, ఎంతో కొంత వాటా వస్తుంది. వెల నిలబడడం వల్ల రచయితకు మేలు జరిగే అవకాశాన్ని కాదనడానికి లేదు. ఈ అభ్యంతరానికి బలం చేకూరాలంటే రెండు షరతులు నెరవేరాలి. వాటా నిజంగా రచయితకో వారసులకో చేరాలి. పుస్తకం అంగడిలో నిలకడగా దొరకాలి. మొదటిది ఒప్పందాల చీకటిగది, బయటివారికి తలుపు తెరుచుకోదు. రెండవదాని సంగతి బహిరంగమే. 2016 డిసెంబరులో కిండిల్ భారతీయ భాషలకు తోవ తెరిచినప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం ఉన్నాయి, తెలుగు లేదు. కోట్లాది మంది మాట్లాడే భాషకు ఆనాడు ఆ అంగడిలో అర కూడా దక్కలేదు. వెల తగ్గుతుందా లేదా అన్న చర్చ అరలో పుస్తకం ఉన్న భాషలకు సంబంధించినది. తెలుగు పాఠకుడికి తరచు ఎదురయ్యేది అంతకంటే ముందరి మెట్టు.

అందుకే తెలుగులో ఈ-పుస్తకానికి పోటీ ఎక్కువగా స్కాన్ చేసిన పీడీఎఫ్ నుంచే వస్తున్నది. ఒకప్పుడు డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా ద్వారా అందిన వేలాది పాత తెలుగు పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్ ద్వారా ఉచితంగా అందుతున్నాయి. వాటిలో హక్కులు తీరినవీ, తీరనివీ కలగలిసి ఉన్నాయి. హక్కుల లెక్క చూస్తే, రచయిత మరణించిన మరుసటి ఏడు మొదలు 60 ఏళ్లు కాపీరైట్ ఉంటుంది. 1915లో మరణించిన గురజాడ, 1919లో మరణించిన వీరేశలింగం అందరివారు. 1976లో మరణించిన విశ్వనాథ రచనలకు 2036 చివరిదాకా, 1979లో మరణించిన చలం రచనలకు 2039 చివరిదాకా హక్కులు ఉంటాయి. ‘కన్యాశుల్కం’ను ఎవరైనా అచ్చువేయవచ్చు గనుక దాని వెలకు సహజంగానే ఒక పైహద్దు ఏర్పడింది. వీడియో గేమ్‌కు ఈ ఊరట ఇప్పట్లో లేదు. నాణెం వేసి ఆడే తొలి వాణిజ్య వీడియో గేమ్ 1971లో వచ్చింది. దాని కర్త ఆ ఏడాదే మరణించాడనుకున్నా మన చట్టం ప్రకారం 2031 దాటాలి. ఈలోగా ఏం జరుగుతుందో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో ప్రకటించిన అధ్యయనం చూపింది. 2010కి పూర్వం అమెరికాలో విడుదలైన పాత ఆటల్లో 87 శాతం నేడు అంగడిలో దొరకనివే.

పాతదాని పేరుతో కొత్తది:
దొరుకుతున్న ఆ కొద్దిపాటి ఆటలైనా నిజంగా పాతవేనా అన్నది సాహిత్య పరిశోధకులకు మరింత దగ్గరి ప్రశ్న. 2021లో రాక్‌స్టార్ సంస్థ ‘గ్రాండ్ థెఫ్ట్ ఆటో’ మూడు పాత ఆటలకు మెరుగులు దిద్ది కొత్త సంపుటిగా విడుదల చేయబోతూ, మూల రూపాలను డిజిటల్ అంగళ్లనుంచి తొలగించింది. కొత్తదానిలోని లోపాల పట్ల ఆటగాళ్లు నిరసన తెలిపిన తర్వాతే కంప్యూటర్లో ఆడే మూల రూపాలను తిరిగి అమ్మకానికి పెట్టింది. పాతది చవకగా దొరికితే కొత్తదాన్ని ఎవరు కొంటారన్న భయం ఇందులో కనిపిస్తుంది. పాతదాని వెలను తగ్గించకపోవడం, పాతదాన్నే లేకుండా చేయడం ఒకే తర్కానికి రెండు మెట్లు. తెలుగు సినిమాలో ‘పోకిరి’, ‘ఖుషి’ వంటి పాత చిత్రాలు 2022 నుంచి 4కే మెరుగులతో మళ్లీ థియేటర్లకు వచ్చి కొత్త సినిమాలా టికెట్లు అమ్ముకున్న తీరు దీనికి దగ్గరి చుట్టమే. ఒకప్పుడు పాత సినిమా అంటే ఉదయం ఆట, తక్కువ టికెట్. ఇప్పుడు అభిమాని పుట్టినరోజు కానుకగా పూర్తి వెల చెల్లిస్తున్నాడు. అక్కడ కనీసం పాత సినిమా పాతదిగానే కనిపిస్తుంది.

పాఠపరిష్కరణ దృష్టితో చూస్తే డిజిటల్ అంగడిది మరీ కఠినమైన వైఖరి. అక్కడ ఎప్పుడూ అమ్ముడయ్యేది తాజా పాఠమే. దిద్దుబాటు వస్తే వెనకటి పాఠం కొన్నవారి యంత్రంలోంచి కూడా తుడిచిపెట్టుకుపోతుంది. ‘కన్యాశుల్కం’ 1897లో ఒక రూపంలోనూ, 1909లో చాలా విస్తరించిన మరో రూపంలోనూ అచ్చయింది. ఈ రెండింటి పోలికే తెలుగు విమర్శలో ఒక ప్రత్యేక అధ్యాయం. తొలి కూర్పును బంగోరె వెలికితీసి మళ్లీ అచ్చువేయగలగడం వెనుక, 1909 తర్వాత కూడా 1897 నాటి ప్రతి ఒకటి ఎక్కడో ఒకచోట మిగిలి ఉండడమన్న సాధారణ వాస్తవం ఉంది. రచయితగానీ ప్రచురణకర్తగానీ దానిని వెనక్కి పిలిపించే వీలు లేదు. అది అప్పటికే అమ్ముడైపోయింది, దాని మీద వారికి అధికారం లేదు. ఈ-పుస్తకంగా పుట్టిన నేటి నవలకు రేపు రెండవ కూర్పు వస్తే, మొదటి కూర్పును ఎక్కడ వెతకాలన్నదానికి నేటి పరిశోధక విద్యార్థి దగ్గర జవాబు లేదు. కోఠిలోనూ ఆబిడ్స్‌లోనూ అది దొరికే అవకాశం లేదు. విశ్వవిద్యాలయ గ్రంథాలయం దానిని కొని ఉన్నా, కొన్నది అనుమతినే తప్ప ప్రతిని కాదు.